గోపన్న కథలో పద్దుల పాఠం

భద్రాచల రామదాసు భక్తుడని అందరికీ తెలుసు. ఆయన తహసీల్దారుగా శిస్తు లెక్కలు చూసినవాడన్న సంగతి మాత్రం మనకు అంతగా గుర్తుండదు. బీకాం పూర్తి చేసి అకౌంట్స్ ఉద్యోగం వెతుక్కుంటున్నారా? అయితే ఆయన జీవితాన్ని ఒకసారి లెక్కల వైపు నుంచి చదవండి.

ముదిగొండ, నేలకొండపల్లి పక్కపక్క మండలాలు. ముదిగొండ నుంచి ఖమ్మం కాలేజీలకు వెళ్లొచ్చే మీలో చాలామందికి నేలకొండపల్లిలో చుట్టాలో స్నేహితులో ఉండే ఉంటారు. ఆ ఊళ్లోనే 1620 ప్రాంతంలో కంచర్ల గోపన్న పుట్టాడు. తండ్రి లింగన్న, తల్లి కామాంబ. నియోగి కుటుంబం. అప్పట్లో నియోగుల ఇళ్లలో చదువంటే పురాణాలొక్కటే కాదు, లెక్క రాయడం కూడా. ఊరికో కరణం ఉండేవాడు. ఎవరి పొలం ఎంత, ఎంత పండింది, సర్కారుకు ఎంత కట్టాలి, ఎంత కట్టారు అన్నదంతా ఆ కరణం కవిలెకట్టలో ఉండేది. చిట్టా, ఆవర్జా, జమ, ఖర్చు, నిలువ, పద్దు... మీరు ఇప్పుడు డే బుక్, లెడ్జర్, రిసీట్స్, పేమెంట్స్, బ్యాలెన్స్, అకౌంట్ హెడ్ అని చదువుకునేవాటికి మన ఊళ్లలో వాడిన మాటలు ఇవే.

గోపన్న మేనమామలు అక్కన్న, మాదన్నలు. 1672లో గోల్కొండ గద్దెనెక్కిన అబుల్ హసన్ తానీషా దగ్గర మాదన్న ప్రధాని స్థాయికి ఎదిగాడు. మేనల్లుడికి పాల్వంచ పరగణా తహసీల్దారు ఉద్యోగం దొరకడంలో మేనమామల పలుకుబడి పనిచేసిందని చెబుతారు. ఇప్పటి మాటల్లో సిఫారసు ఉద్యోగమే. ఆ సిఫారసు ఎంతవరకు ఆదుకుందో ముందు ముందు మీరే చూస్తారు.

రెండు రకాల సొమ్ము, ఒకటే చెయ్యి

తహసీల్దారు పని వినడానికి సులువు. ఊళ్ల నుంచి శిస్తు వసూలు చేయాలి, లెక్క రాయించాలి, సొమ్మును గోల్కొండ ఖజానాకు పంపాలి. ఆ సొమ్ము తహసీల్దారు చేతిలో ఉంటుంది కానీ తహసీల్దారుది కాదు. ఈ ఒక్క వాక్యం పక్కన రాసి పెట్టుకోండి. ఈ కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

పాల్వంచ పరగణాలోనే, గోదావరి ఒడ్డున భద్రగిరి. ఆ కొండ మీద రాముడి విగ్రహాలను పోకల దమ్మక్క అనే భక్తురాలు గుర్తించి, పందిరి వేసి, పండో ఫలమో నైవేద్యం పెడుతూ కొలుస్తుండేది. తహసీల్దారుగా ఆ వైపు వెళ్లిన గోపన్న ఆ పందిరి చూశాడు. దేవుడికి గుడి కట్టించాలనుకున్నాడు. జనం దగ్గర చందాలు పోగుచేశాడు. జనం ఇచ్చారు కూడా. కానీ గుడి, ప్రాకారం, మంటపాలు, నగలు అన్నీ చేయించాలంటే ఆ చందాలు చాల్లేదు. వసూలైన శిస్తు సొమ్ము చేతిలోనే ఉంది. దాన్ని గుడికి ఖర్చు పెట్టాడు. ఆ మొత్తం 6 లక్షల వరహాలని ప్రసిద్ధి.

ఆ డబ్బుతో గోపన్న తనకంటూ మేడ కట్టుకున్నట్టు ఏ కథా చెప్పదు. ప్రతి వరహా గుడికే వెళ్లింది. గుడి కళ్లెదుట ఉంది. అయినా గోల్కొండ నుంచి పిలుపొచ్చింది. ఖజానాకు రావాల్సిన శిస్తు ఏదని అడిగారు. గుడి చూపిస్తే ఆ ప్రశ్నకు జవాబు కాదు. ఎందుకంటే గుడి ఖర్చు వైపు ఉంది. వాళ్లు అడుగుతున్నది జమ వైపు గురించి.

తహసీల్దారును గోల్కొండ కోటలో ఖైదు చేశారు. మేనమామలు ప్రధాని స్థాయిలో ఉన్నా 12 ఏళ్లు జైల్లోనే గడిచాయని సంప్రదాయం చెబుతుంది. హైదరాబాద్ వెళ్లినప్పుడు గోల్కొండ కోటలో రామదాసు బందీఖానా చూడండి. గోడ మీద చెక్కిన దేవుళ్ల బొమ్మలు ఇప్పటికీ కనిపిస్తాయి. సిఫారసు ఉద్యోగమైతే ఇప్పించగలదు గానీ, మీ తరఫున లెక్క ఒప్పజెప్పలేదు.

పాటలో ఖర్చుల జాబితా

జైల్లో గోపన్న రామదాసు అయ్యాడు. దాశరథీ శతకం, వందకు పైగా కీర్తనలతో తెలుగువాళ్లకు మొదటి వాగ్గేయకారుల్లో ఒకడిగా నిలిచాడు. తర్వాతి కాలంలో త్యాగరాజు తన కీర్తనల్లో ఆయన్ని తలుచుకున్నాడు. 1964లో నాగయ్య, 2006లో నాగార్జున ఆ పాత్రను వెండితెర మీదికి తెచ్చారు.

ఆ కీర్తనల్లో ఇక్ష్వాకు కులతిలకా అని మొదలయ్యేది మీరు వినే ఉంటారు. ఈసారి అకౌంటెంటు చెవులతో వినండి. అందులో చుట్టూ కట్టిన ప్రాకారం ఉంది, దానికి పదివేల వరహాలు. భరతుడికి పచ్చల పతకం, అది పదివేల వరహాలు. శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, లక్ష్మణుడికి ముత్యాల పతకం, సీతమ్మకు చింతాకు పతకం. ఏది ఎవరికి చేయించాడో, దానికి ఎంతయిందో వరసగా చెబుతాడు. రాముడికి చేయించిన కలికితురాయి దగ్గరికొచ్చేసరికి పాట మలుపు తిరుగుతుంది. ఇంత వైభవంగా తిరుగుతున్నావే, ఇదంతా ఎవరి సొమ్ము, మీ నాన్న పెట్టాడా, మీ మామ పంపాడా అని దేవుణ్ణే నిలదీస్తాడు.

భక్తి సంగతి పక్కన పెట్టి ఆ పాటను కాగితం మీద లెక్కగా రాసి చూడండి. డెబిట్ వైపు ప్రతి పద్దూ పేరుతో, మొత్తంతో సహా ఉంది. క్రెడిట్ వైపు ఉన్నది ఒకే ఒక్క ప్రశ్న: ఎవరి సొమ్ము? గోపన్నకు వచ్చిన చిక్కంతా అక్కడే ఉంది.

జంట పద్దుల విధానం గురించి ఇటలీలో లూకా పసియోలీ రాసిన పుస్తకం 1494లో వెనిస్‌లో అచ్చయింది. అంటే గోపన్న పుట్టడానికి నూరేళ్ల ముందే. ఆ విధానం చెప్పేది ఇంతే: సొమ్ము ఎటు వెళ్లిందో ఒక పద్దు, ఎక్కడి నుంచి వచ్చిందో ఇంకో పద్దు, రెండూ సమానం కావాలి. ప్రాకారానికి పదివేలు డెబిట్ రాస్తే, ఎదురుగా క్రెడిట్ కూడా రాయాలి. చందా అని రాస్తే అది గుడికి వచ్చిన విరాళం. గోపన్న సొంత సొమ్ము అని రాస్తే అది ఆయన ఇచ్చిన విరాళం. సర్కారుకు కట్టాల్సిన శిస్తు అని రాస్తే మాత్రం అది బాకీ. గుడి ఎంత గొప్పగా లేచినా ఆ బాకీ పుస్తకంలో అలాగే నిలిచి ఉంటుంది. గోల్కొండ ఖజానా చూసింది ఆ నిలువనే.

మీ చేతికి ఓ కారం మిల్లు లెక్క ఇస్తే

ఇక మీ సంగతికి వద్దాం. డిగ్రీ తర్వాత మీలో చాలామందికి మొదటి ఉద్యోగం పెద్ద కంపెనీలో కాకుండా ఓ చిన్న వ్యాపారంలో దొరుకుతుంది. ఖమ్మం అంటే మిర్చి మార్కెట్టు. ముదిగొండలో ఒకాయన కారం మిల్లు పెట్టి, లెక్కలు మొదటి నుంచి రాయమని మీకు అప్పజెప్పాడనుకుందాం. కంప్యూటర్ తెరిచి ఎంట్రీలు కొట్టడం మీ మొదటి పని కాదు. ముందు పద్దుల పట్టిక తయారు చేయాలి. ఇంగ్లిషులో చార్ట్ ఆఫ్ అకౌంట్స్ అనేది దీన్నే. ఆ మిల్లులో రూపాయి రావడానికి, పోవడానికి, నిలవడానికి ఎన్ని దారులున్నాయో అన్నిటికీ ముందే పేరు, నంబరు పెట్టుకోవడం అన్నమాట.

ఏ వ్యాపారమైనా గుంపులు అయిదే.

మొదటిది ఆస్తులు. నంబర్లు 1000 నుంచి. 1010 చేతిలో నగదు, 1020 బ్యాంకు, 1030 మనకు రావాల్సిన బాకీలు, 1040 ఎండుమిర్చి, కారం నిల్వ, 1050 మిల్లు యంత్రాలు.

రెండోది అప్పులు, చెల్లించాల్సినవి. 2000 నుంచి. 2010 మిర్చి అమ్మినవాళ్లకు ఇవ్వాల్సింది, 2020 బ్యాంకు లోను, 2030 కట్టాల్సిన జీఎస్టీ, 2040 సరుకు ఇవ్వకముందే తీసుకున్న అడ్వాన్సులు.

మూడోది యజమాని పెట్టుబడి. 3000 నుంచి. 3010 ఆయన పెట్టిన మూలధనం, 3020 సొంత వాడకానికి తీసుకున్నది.

నాలుగోది ఆదాయం. 4000 నుంచి. 4010 కారం అమ్మకాలు, 4020 బయటివాళ్ల మిర్చి పట్టిచ్చినందుకు వచ్చిన కూలి.

అయిదోది ఖర్చులు. 5000 నుంచి. 5010 మిర్చి కొనుగోలు, 5020 హమాలీ, రవాణా, 5030 కరెంటు బిల్లు, 5040 జీతాలు, 5050 అద్దె, 5060 ప్యాకింగ్ కవర్లు.

నంబర్ల మధ్య పదేసి ఖాళీ ఎందుకు వదిలామంటే, రేపు మిల్లు ఇంకో బ్యాంకులో ఖాతా తెరిస్తే 1021 అని పక్కనే చేర్చుకోవచ్చు. పట్టిక మొత్తం మార్చక్కర్లేదు.

పద్దులు ఎన్ని ఉండాలన్నది చాలామందికి వచ్చే సందేహం. ఒక పద్దు పెట్టే ముందు మిమ్మల్ని మీరు ఒకటే అడగండి: ఈ మొత్తం విడిగా తెలిస్తే యజమాని ఏదైనా నిర్ణయం తీసుకుంటాడా? కరెంటు బిల్లు విడిగా తెలిస్తే మిల్లు ఏ వేళ నడపాలో, మోటారు మార్చాలో ఆలోచిస్తాడు. కాబట్టి దానికి పద్దు కావాలి. పెన్నులకు ఒకటి, పేపర్లకు ఒకటి, స్టాప్లర్ పిన్నులకు ఒకటి అక్కర్లేదు. ఆఫీసు స్టేషనరీ అని ఒక్కటి చాలు. అలాగని దొరికినవన్నీ ఇతర ఖర్చుల్లో పడేయకండి. ఏడాది చివర అన్నిటికన్నా పెద్ద మొత్తం ఇతర ఖర్చులదే అయితే ఆ పట్టిక దండగ.

ట్యాలీ వాడేవాళ్లకు ఒక మాట. అందులో 28 గ్రూపులు ముందే తయారుగా ఉంటాయి. లెడ్జర్లు మాత్రం నగదు, లాభనష్టాలు అని రెండే ఉంటాయి. మిగతావన్నీ మీరే తెరవాలి, ఏది ఏ గ్రూపు కింద రావాలో మీరే చెప్పాలి. అప్పును ఆదాయం గ్రూపులో పెట్టినా సాఫ్ట్‌వేర్ మిమ్మల్ని ఆపదు. డెబిట్, క్రెడిట్ సరిపోయాయా అన్నదే అది చూస్తుంది. రామదాసు కాలమైనా ఈ కాలమైనా, సొమ్ము ఎవరిదో తేల్చాల్సింది రాసేవాళ్లే.

గోపన్నకు వచ్చిన పరీక్ష మీకూ వస్తుంది

కారం మీద జీఎస్టీ 5 శాతం. 100 రూపాయల కారం అమ్మితే కొన్నవాడి దగ్గర 105 తీసుకుంటారు. ఇందులో ఆదాయం 100 మాత్రమే. ఆ 5 రూపాయలు 2030 పద్దుకు వెళ్లాలి. మిల్లు కొన్న సరుకుల మీద కట్టిన జీఎస్టీని నిబంధనల ప్రకారం మినహాయించుకుని, మిగిలింది సర్కారుకు కట్టాలి. అది మిల్లు బ్యాంకు ఖాతాలో ఉంది, అయినా మిల్లుది కాదు. ఇందాక పక్కన రాసి పెట్టుకోమన్న వాక్యం గుర్తుందా? తహసీల్దారు చేతిలోని శిస్తు లాంటిదే ఇది.

సీజన్‌లో మిర్చి ధర తగ్గుతుంది. చేతిలో డబ్బు చాలదు. బ్యాంకు ఖాతాలో మాత్రం జీఎస్టీ సొమ్ము కనిపిస్తూ ఉంటుంది. ముందు దీంతో మిర్చి కొనేద్దాం, తర్వాత కడదాం అని యజమాని అంటాడు. ఆయన దొంగ కాదు. గోపన్నా దొంగ కాదు. కానీ పన్ను వసూలు చేసి, గడువు దాటి మూడు నెలలైనా సర్కారుకు కట్టకపోవడాన్ని జీఎస్టీ చట్టం నేరాల్లో చేర్చింది. మొత్తం పెద్దదైతే జైలు శిక్ష కూడా ఉంది. మీరు అకౌంటెంటుగా చేయగలిగింది, చేయాల్సింది ఒకటే. ఆ సొమ్మును అమ్మకాల్లో కలపకుండా 2030లో విడిగా చూపండి. ప్రతి నెలా ఆ పద్దు నిలువను కాగితం మీద యజమాని ముందు పెట్టండి. అమ్మకాల్లో కలిపి రాయమంటే మర్యాదగానే కుదరదని చెప్పండి. కలిపేస్తే ఆ సొమ్ము కనిపించకుండా పోతుంది, బాకీ మాత్రం పోదు.

ఇలాంటి ఇంకో చిక్కు సొంత సొమ్ముది. యజమాని ఇంటి కరెంటు బిల్లు మిల్లు ఖాతా నుంచి కట్టమన్నాడు. అది మిల్లు ఖర్చు కాదు, 3020 సొంత వాడకం. కూతురి కాలేజీ ఫీజు కట్టినా అంతే. మిల్లు వేరు, మనిషి వేరు. గోపన్న కథలో గోల్కొండ ఖజానా, భద్రాద్రి గుడి, గోపన్న ఇల్లు అని మూడు వేర్వేరు లెక్కలున్నాయి. మూడూ ఒకే చేతి మీదుగా నడిచినప్పుడే వాటి మధ్య గీత గట్టిగా గీయాలి.

ఇంటర్వ్యూల్లో అడిగేవి కూడా ఇలాంటివే. పండక్కి కారం కావాలని కొట్టువాడు ముందే ఇచ్చిన 20 వేలు ఆదాయమా? సరుకు ఇచ్చేదాకా అది 2040లో అప్పే. మిల్లుకు కొత్త మోటారు కొంటే ఖర్చా, ఆస్తా? ఏళ్ల తరబడి పనిచేస్తుంది కాబట్టి ఆస్తి, ఏటా తరుగుదల రాస్తాం. బ్యాంకులో ఎవరో 3 వేలు వేశారు, ఎవరో తెలియలేదు, ఏం చేస్తారు? తాత్కాలికంగా సస్పెన్స్ ఖాతాలో రాసి, ఎవరిదో కనుక్కుని, సరైన పద్దుకు మారుస్తాం. జవాబుతో పాటు కారణం కూడా చెప్పగలిగితే ఎదుటివాళ్లకు మీ మీద నమ్మకం కుదురుతుంది.

రసీదు అడిగిన రాముడు

మళ్లీ గోల్కొండకు వెళ్దాం. రామదాసు విడుదల కథ తెలుగువాళ్లకు కంఠస్థం. ఒక రాత్రి రామోజీ, లక్ష్మోజీ అనే ఇద్దరు యువకులు తానీషా ఎదుటికి వచ్చారు. తాము రామదాసు తరఫు మనుషులమన్నారు. బాకీ ఉన్న 6 లక్షలూ కుప్పపోశారు. వచ్చింది రామలక్ష్మణులేనని కథ చెబుతుంది.

ఆ కథలో చాలామంది గమనించకుండా దాటేసే విషయం ఒకటుంది. సొమ్ము చెల్లించి వాళ్లు ఊరికే మాయమవలేదు. ముట్టినట్టు తానీషా చేత రసీదు రాయించుకున్నారు. ఆ రసీదు జైల్లో నిద్రపోతున్న రామదాసు తలగడ కింద చేరింది. తెల్లారి బాకీ తీరిందని తేలి, తానీషా ఆయన్ని గౌరవంగా విడిచిపెట్టాడు. కథ అల్లినవాళ్లు లెక్క తెలిసినవాళ్లు. దేవుడే స్వయంగా వచ్చి కట్టినా చెల్లు చీటీ లేకపోతే ఖజానా పుస్తకంలో బాకీ కొట్టేయరని వాళ్లకు తెలుసు. మీ పద్దుల పట్టిక ఎంత చక్కగా ఉన్నా, ప్రతి ఎంట్రీ వెనక ఒక బిల్లో, రసీదో, బ్యాంకు స్లిప్పో ఉండాలి. హమాలీకి 200 ఇచ్చినా వోచర్ మీద సంతకం తీసుకోండి.

విడుదలయ్యాక రామదాసు భద్రాచలం చేరి మిగిలిన జీవితం రాముడి సేవలోనే గడిపాడు. ఆయన వెళ్లిపోయేనాటికే గోల్కొండ రోజులు కూడా దగ్గరపడ్డాయి. 1687లో కోట ఔరంగజేబు చేతికి చిక్కింది. తానీషా దౌలతాబాద్ కోటలో ఖైదీగా 1699లో చనిపోయాడు. రామదాసును ఖైదు చేసిన నవాబు చివరికి తనూ ఖైదీ అయ్యాడు. గుడి మాత్రం నిలిచింది.

ఇప్పుడు ఏటా శ్రీరామనవమికి భద్రాచలంలో కల్యాణం జరిగేటప్పుడు ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు అందుతాయి. ఈ ఆనవాయితీ తానీషాతోనే మొదలైందని చెప్పుకుంటారు. ఆ లెక్కన, ఒకప్పుడు సర్కారు సొమ్ము పద్దు లేకుండా గుడికి వెళ్లినందుకు ఒక తహసీల్దారు జైలుకు పోయాడు. అదే గుడికి సర్కారు ఇప్పుడు అందరూ చూస్తుండగా, ఏటా, తన పేరు మీదే ఇస్తోంది. రెండుసార్లూ ఇచ్చింది సర్కారు సొమ్మే, పుచ్చుకున్నది ఆ రాముడే. మారిందల్లా ఇచ్చేవాళ్లు తెలిసి, ఒప్పుకుని, లెక్కలో రాసి ఇవ్వడం.

ఈ వారం ఒక పని చేయండి. మీ ఊళ్లో తెలిసినవాళ్ల కిరాణా కొట్టో, ఎరువుల దుకాణమో, టైలరింగ్ షాపో ఎంచుకోండి. పైన చెప్పిన అయిదు గుంపుల్లో వాళ్లకు పాతిక పద్దులు మించకుండా ఓ పట్టిక రాయండి. నెల రోజుల బిల్లులు తీసుకుని ఏది ఎక్కడికి వెళ్తుందో పంచి చూడండి. ఎక్కడ చెయ్యి ఆగిందో అక్కడే మీరు నేర్చుకోవాల్సింది ఉంటుంది. ఆ పట్టికను రెజ్యూమెతో పాటు ఇంటర్వ్యూకు పట్టుకెళ్లండి. అకౌంట్స్ వచ్చని నోటితో చెప్పేవాళ్లు చాలామందే వస్తారు. చేసి చూపించేవాళ్లు తక్కువ.